సింగూరులో దసరా తర్వాత బొచ్చె (కట్ల), బంగారుతీగ (కామన్ కార్ప్) చేపలు: మేత పోసి కూర్చోవాలా, చేప వెంట తిరగాలా?

పటాన్‌చెరు_గాలం:
మొన్న వేరే చర్చలో ఒకాయన "సింగూరులో మేత పోయకుండా గాలం వేయడం టైం వేస్ట్" అని తేల్చేశాడు. నాకు మింగుడుపడలేదు, అందుకే విడిగా అడుగుతున్నా. ఊరి చెరువు అయితే సరే. ఎండాకాలం నీళ్లు కుంచించుకుపోయాక చేప ఎక్కడికి పోతుంది, తవుడు, పల్లిచెక్క (పల్లీల్లోంచి నూనె తీశాక మిగిలే పిప్పి) కలిపి నాలుగు ముద్దలు వేస్తే కాసేపటికి బెండు కదులుతుంది. సింగూరు అలా కాదు కదా, మంజీర మీద కట్టిన పెద్ద జలాశయం. నిండితే 29.9 టీఎంసీలు, 523.6 మీటర్ల దాకా నీళ్లు ఎక్కాయంటే ఎండాకాలంలో ఎండి గడ్డి మొలిచిన ముంపు భూములన్నీ లోపలికి పోతాయి. ఆ మునిగిన గడ్డిలో ఎర్రలు, నత్తలు, పురుగులు, రాలిన గింజలు. అంత విందు వదిలిపెట్టి నేను పోసే మూడు కిలోల చెక్క కోసం బంగారుతీగ ఎందుకు రావాలి? దసరా నుంచి కార్తీక పున్నమి దాకా చేప ఎక్కడ మేస్తోందో చూసుకుని అక్కడికే పోవాలి. ఒక కర్ర, భుజాన సంచి, పిడికెడు ఎర, అంతే. కాదనేవాళ్లు కారణం చెప్పండి, "మా తాత ఇలాగే పట్టేవాడు" అని మాత్రం అనకండి, దండం పెడతా.

చెక్కపిండి_శీను:
ఆ ఒకాయన నేనే అన్నా. తాతను పక్కన పెడదాం, కారణమే చెప్తా. బంగారుతీగకు మనలాగా పొట్ట ఉండదు, నోటి నుంచి నేరుగా పేగే. ఒక్కసారి కడుపునిండా తిని పడుకునే రకం కాదది, కొంచెం కొంచెం రోజంతా మేస్తూనే ఉంటుంది. గుంపుగా తిరుగుతూ ఒక దారి పట్టుకుంటుంది. ఆ దారిలో తిండి దొరికితే ఆగుతుంది, రెండో రోజు దొరికితే మళ్లీ వస్తుంది. మేత పోసేది కడుపు నింపడానికి కాదు, ఆపడానికి.

ఇంకోటి, మీరు "చూసుకుని పోవాలి" అంటున్నారు, ఏం చూస్తారు? బీదర్ వైపు నుంచి మంజీర కొత్తనీరు దిగితే నీళ్లు చాయ్ రంగులో ఉంటాయి, జానెడు లోతు కూడా కనబడదు.

మేత సంగతి సరిగ్గా చేయనివాళ్లే మేతను తిడతారు. పల్లిచెక్క రాత్రే నానబెట్టాలి. తవుడు దోరగా వేయించాలి, కమ్మని వాసన రావాలి గానీ మాడకూడదు. కొంచెం బెల్లం. పొద్దున గట్టు మీద ఎర్రమట్టి కలిపి నారింజకాయంత ముద్దలు చేయాలి. మట్టి లేకపోతే ముద్ద సగం దారిలోనే విడిపోతుంది, పరకల్లాంటి చిన్న చేపలు, జిలేబీ చేపలు (తిలాపియా) పండగ చేసుకుంటాయి, అడుక్కి ఏమీ చేరదు. గాలానికి ఉడికించిన మక్కగింజ, మైదా ముద్ద కాదు. మైదాను పరకలు నిమిషంలో పీకేస్తాయి.

నారాయణఖేడ్_కాక:
టైటిల్‌లో బొచ్చె పేరు పెట్టుకుని ఇద్దరూ బంగారుతీగ గురించి కొట్లాడుతున్నారు. బొచ్చె నోరు ఎప్పుడైనా గమనించారా? కింది దవడ ముందుకొచ్చి నోరు పైకి తెరుచుకుని ఉంటుంది, మీసాలు ఉండవు. నీళ్లలో తేలే సన్నటి పురుగుల్ని మొప్పల్లో వడకట్టుకుని తినే చేప. దానికోసం అడుగున చెక్క ముద్దలు పోస్తే మోసు (మృగాల చేప) తింటుంది, బంగారుతీగ తింటుంది, బొచ్చె మాత్రం పైనుంచి పైనే పోతుంది. రవ్వ (రోహు) మధ్యలో తిరుగుతుంది, దాని సంగతి వేరే.

బొచ్చె కావాలంటే గాలి చూడండి. వానాకాలమంతా నైరుతి నుంచి, పడమటి నుంచి వీస్తుంది. అక్టోబర్ దాటితే ఈశాన్యం తిరుగుతుంది. పై పొర నీళ్లను, అందులో తేలే తిండిని గాలి అవతలి గట్టుకు నెట్టేస్తుంది. అంటే మీరు ఆగస్టులో చేప చూసిన గట్టు నవంబర్‌లో ఖాళీ, దక్షిణం, పడమర గట్ల దగ్గర నురగ చార కడుతుంది. ఆ చార వెంట, బెండు కింద మూడు నాలుగు అడుగుల లోతులో ఎర ఉంచి, సన్నగా జల్లించిన తవుడు చల్లితే నీళ్లలో మబ్బులా కమ్ముకుంటుంది. ముద్దలొద్దు.

చెక్కపిండి_శీను:
కాకా, గాలి లెక్క బాగుంది. కానీ ఆ పక్క గట్లలో మునిగిన తుమ్మ మొద్దులు ఎన్ని ఉన్నాయో తెలుసా? చేప తగిలిందంటే నేరుగా మొద్దుల్లోకి దూరుతుంది, తంగూసు (గాలం దారం) పుటుక్కుమంటుంది. నురగ చార చూసి మురిసిపోతే చేప ఇంటికి రాదు. నేను మేత పోసేదే చేపను మొద్దుల నుంచి బయటి చదునులోకి లాగడానికి.

పటాన్‌చెరు_గాలం:
శీను, చాయ్ రంగు నీళ్లలో కనబడదన్నావు కదా. చేప కనబడక్కర్లేదు. మునిగిన గడ్డి దుబ్బు గాలి లేకుండా ఊగుతుంటే కింద ఏదో తలపెట్టి తవ్వుతోందన్నమాట. చుట్టూ నీళ్ల కన్నా ఒక చోట బురద ఎక్కువ లేచి, సన్న బుడగలు వరుసగా వస్తే అది బంగారుతీగే. పొద్దున్నే మోకాలి లోతు నీళ్లలో కూడా ఉంటుంది, మనం చెప్పులు టపటపలాడిస్తూ గట్టు దిగేసరికి పోతుంది.

పైగా నీటిమట్టం. పైనుంచి వరద వస్తే రాత్రికి రాత్రి నీళ్లు పెరుగుతాయి, గేట్లు ఎత్తితే దిగుతాయి. నువ్వు నిన్న నాలుగడుగుల్లో పోసిన మేత ఇవాళ ఏడడుగుల్లో ఉంటుంది, చేప మాత్రం కొత్తగా మునిగిన అంచుకు పోయి ఉంటుంది. దీనికి జవాబు చెప్పు.

చెక్కపిండి_శీను:
మట్టం మారే రోజుల్లో నేనూ పోయను. నీళ్లు నిలకడైన తర్వాతి మాట చెప్తున్నా. కార్తీకంలో రాత్రిళ్లు చల్లబడతాయి, గడ్డి కుళ్లిపోతుంది, నువ్వు చెప్పే విందు అయిపోతుంది. అప్పుడు మేతే దిక్కు.

పటాన్‌చెరు_గాలం:
చల్లబడితే చేప అరగదీసుకోవడం కూడా నెమ్మదిస్తుంది కదా శీను! ఆకలి తగ్గినప్పుడు ఎక్కువ పోయడం ఏం లెక్క?

మంజీర_పుట్టి:
మాది ముంపు ఊరే, నాన్న మత్స్యకార సంఘంలో సభ్యుడు, నేను సెలవుల్లో పుట్టి (గుండ్రటి తెప్ప) ఎక్కుతా. మీ చర్చ బాగుంది గానీ ఒక్క మాట ఎవ్వరూ అనలేదు. ఆ చేప ఎవరిది? బొచ్చె, రవ్వ, మోసు నిలవ నీళ్లలో గుడ్లు పెట్టవు, వాటికి పారే వరద నీళ్లు కావాలి. అందుకే ఏటా చేప పిల్ల వదలాలి. 2016 నుంచి సర్కారు ఉచితంగా పిల్ల ఇస్తోంది, అది ఆలస్యమైన ఏడు మా వాళ్లు జేబులోంచి పెట్టి తెస్తారు. బంగారుతీగ ఒక్కటే గడ్డికి గుడ్లు అంటించి తనంతట తాను పెరుగుతుంది. మీరు కారు దిగి నాలుగు కర్రలు గుచ్చి కూర్చునే ముందు సంఘం వాళ్లను అడుగుతున్నారా? అడిగితే కాదనరు, చాయ్ కూడా పోస్తారు.

శీను అన్న మేత గురించి. నడి నీళ్లలో నువ్వు పది కిలోలు పోసినా సముద్రంలో ఉప్పే. కానీ మీరు పోసేది లోపలికి చొచ్చుకొచ్చిన వాగు మూలల్లో. అక్కడ మునిగిన గడ్డి కుళ్లి తెల్లవారుజామున నీళ్లలో గాలి ముందే తక్కువ, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటాయి. అందులో తినకుండా మిగిలిన చెక్క పులిసిందంటే అంతే. హైదరాబాద్‌కు పోయే తాగునీళ్లు కూడా ఇవే అని గుర్తుంచుకోండి.

ఇంకా, తెగిన తంగూసు గట్టు మీద పడేసి పోకండి. మా వలల్లో చిక్కుకుంటుంది, గేదెల కాళ్లకు చుట్టుకుంటుంది. డ్యామ్ కింద మంజీర అభయారణ్యంలో గాలం అసలే వేయకూడదు. చట్టం ఒకటి, మొసళ్లు ఇంకోటి.

బర్మింగ్‌హామ్_వెంకీ:
ఇక్కడ ఇంగ్లండ్‌లో బంగారుతీగ అంటే జనానికి పిచ్చి, పట్టి ఫొటో దిగి వదిలేస్తారు. రెడ్‌మైర్ అనే చెరువులో రిచర్డ్ వాకర్ 1952 సెప్టెంబర్‌లో 44 పౌండ్ల చేపను, అంటే మన లెక్కలో 20 కిలోలు, పట్టాడు. దాన్ని లండన్ జూకు ఇచ్చేశారు. ఆ చెరువు చాలా కష్టమైనదని పేరు. ఓపికగా మాటు వేసి కూర్చోవడమే అసలు విద్య అని ఇక్కడి పెద్దోళ్లు అంటారు. నా ఓటు శీనుకు.

పటాన్‌చెరు_గాలం:
వెంకీ, ఆ రెడ్‌మైర్ ఎంత? మూడెకరాలు. మూడెకరాల్లో ఎక్కడ కూర్చున్నా చేప ముందే కూర్చున్నట్టు. సింగూరులో మూడెకరాలంటే ఒక మూల కూడా కాదు. నీ ఓటు చెల్లదు.

నారాయణఖేడ్_కాక:
పుట్టి తమ్ముడు చెప్పిన దాంట్లో ఒకటి పట్టుకోండి. తెల్లవారుజామున నోళ్లు తెరిచే మూలల్లో చేప ఉంటుంది గానీ మేయదు. ఎండ ఎక్కి నీటి మొక్కలు పని మొదలుపెట్టాకే నోరు కదిలేది. కార్తీకంలో నాలుగింటికే లేచి వణుక్కుంటూ వెళ్లడం దండగ, అంబలి తాగి తొమ్మిదింటికి పోండి.

చెక్కపిండి_శీను:
సరే, మాటలెందుకు. వచ్చే ఆదివారం అన్నా, నువ్వు తిరుగు, నేను కూర్చుంటా. పడమర వైపు చదును గట్టు, మొద్దులు లేని చోటు నాకు తెలుసు. మేత తగ్గించే పోస్తాలే. సాయంత్రానికి ఎవరి సంచి బరువో చూద్దాం. కాకా, నువ్వు జడ్జివి.

పటాన్‌చెరు_గాలం:
ఓకే. మోసు పడితే లెక్కలోకి రాదు, బొచ్చె, బంగారుతీగ మాత్రమే.

మంజీర_పుట్టి:
ఆదివారం ఆ గట్టు దగ్గర మా వాళ్లు వలలు దించుతున్నారు. ముందే చెప్తున్నా, శనివారం పెట్టుకోండి.