పాత చౌక బొమ్మ రైలు ఇంజిన్లకు కొత్త మోటారు, డీసీసీ (డిజిటల్ నియంత్రణ) అవసరమా? ఉన్నదాన్నే బాగుచేసుకుంటే సరిపోదా?

బ్రాంచ్‌లైన్:
ఒక పెట్టెడు పాత ఇంజిన్లు చేతికొచ్చాయి. అన్నీ ఆ రోజుల్లో పిల్లల సెట్లలో వచ్చిన చౌక రకాలే. రెండు డీజిళ్లకు మోటారు ట్రక్కులోనే (ఇంజిన్ కింద చక్రాలు బిగించిన చట్రంలోనే) ఉంది, గుండ్రంగా పలచగా ఉండే పాన్‌కేక్ మోటారు. ఇంకో డీజిల్‌కి మోటారు మధ్యలో ఉండి రెండు ట్రక్కులకీ షాఫ్టులు వెళ్తున్నాయి, కింద బరువైన లోహపు ఫ్రేము. నాలుగోది ఆవిరి ఇంజిన్. నడుస్తాయి కానీ ఆ నడక చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. కంట్రోలర్ సగం తిప్పేదాకా కదలవు, కదిలితే ఒక్కసారిగా దూకుతాయి, పాయింట్ల (పట్టా దారి మారే చోట్ల) మీదకు రాగానే ఆగిపోతాయి, వేలితో తోయాల్సిందే. నా లేఅవుట్ (పట్టాల అమరిక) ప్రస్తుతానికి మామూలు 12 వోల్టుల డీసీ, ముందు ముందు పట్టాల ద్వారా ఒక్కో ఇంజిన్‌కి విడిగా డిజిటల్ ఆదేశాలు పంపే డీసీసీకి మారాలని ఉంది. ఒకరేమో మోటార్లు పీకేసి కొత్తవి పెట్టి డీకోడర్ (ఆ ఆదేశాలు చదివి మోటారుని నడిపే చిన్న బోర్డు) వెయ్యమంటున్నారు, ఇంకొకరు ఆ డబ్బుతో కొత్త ఇంజిన్ కొనుక్కోమంటున్నారు. వీటి మీద డబ్బు పెట్టొచ్చా, పెడితే దేని మీద ముందు పెట్టాలి?

పచ్చసిగ్నల్:
మోటారు మార్చండి, ఆలోచించొద్దు. పాన్‌కేక్ మోటార్లలో చాలావాటికి ఆర్మేచర్‌కి, అంటే లోపల తిరిగే భాగానికి, మూడు పోల్సే (తీగ చుట్టిన కొమ్ములే) ఉంటాయి, నెమ్మదిగా తిరిగేటప్పుడు ఒక పోల్ నుంచి ఇంకో పోల్‌కి ఎగిరెగిరి వెళ్తున్నట్టు కుదుపు తెలుస్తుంది, పైగా ఆ గోల. పాత సీడీ, డీవీడీ డ్రైవుల్లో ఉండే చిన్న మోటారు తీసి ఆ ట్రక్కులోనే బిగించే పద్ధతి ఎప్పట్నుంచో ఉంది, కరెంటు చాలా తక్కువ లాగుతుంది కాబట్టి ఏ మామూలు డీకోడరైనా తట్టుకుంటుంది. ఒక్కటి గుర్తుంచుకోండి, అవి తక్కువ వోల్టేజీకి చేసినవి, 12 వోల్టులూ నేరుగా ఇస్తే పిచ్చెక్కినట్టు తిరుగుతాయి. డీకోడర్‌లో సీవీ 5 (సీవీలంటే అందులో మార్చుకునే సెట్టింగులు) తగ్గించి గరిష్ఠ వేగాన్ని కట్టేయాలి. ఆ తర్వాత సీవీ 2, 3, 4 సరిచేసుకుంటే స్టేషన్లోంచి కదిలే తీరే మారిపోతుంది.

పాతఇనుము:
పచ్చసిగ్నల్ గారు చెప్పిన మోటారు మార్పిడి పనిచేస్తుంది, కాదనను. కానీ బ్రాంచ్‌లైన్ గారు చెప్పిన లక్షణాలు ఇంకోసారి చదవండి. పాయింట్ల మీద ఆగిపోతోంది, వేలితో తోస్తే మళ్లీ నడుస్తోంది. ఇది మోటారు జబ్బు కాదు, మోటారుకి కరెంటు అందకపోవడం. కొత్త మోటారు పెట్టినా అక్కడే ఆగుతుంది.

ఇలాంటి ఇంజిన్లు కరెంటు ఎక్కడినుంచి తీసుకుంటాయో చూడండి. లీమా కంపెనీ డీజిళ్లలో చాలావాటికి మోటారున్న ట్రక్కు ఒక పట్టా నుంచే తీసుకుంటుంది, రెండో పట్టా కరెంటు అవతలి ట్రక్కు నుంచి వస్తుంది. అందులోనూ రబ్బరు టైర్లున్న చక్రాలు కరెంటుకి పనికిరావు. అంటే ఎనిమిది చక్రాల ఇంజిన్ అయినా ఒక్కో పట్టా మీద నిజంగా పనిచేసేవి రెండే చక్రాలు, వాటిలో ఒకదాని కింద మసి ఉంటే బండి ఆగినట్టే. టెండర్లో (వెనకుండే బొగ్గు బండిలో) మోటారున్న పాత ఆవిరి ఇంజిన్లదీ ఇదే కథ, ఒక పట్టా టెండర్‌కి, ఇంకో పట్టా ఇంజిన్ చక్రాలకి, మధ్యలో ఒక్క తీగ లేదా ఒక్క లోహపు కొక్కెం. పాయింటులో ప్లాస్టిక్ ఫ్రాగ్ (పట్టాలు ఒకదాన్నొకటి దాటే ముక్క) మీదకి ఆ చక్రం ఎక్కగానే ఇంజిన్ చచ్చిపోతుంది.

కాబట్టి ముందు పికప్‌లు, అంటే చక్రాల నుంచి కరెంటు తీసుకునే తీగలు. సన్నటి ఫాస్ఫర్ బ్రాంజ్ తీగ లేదా రేకు తీసుకుని, ఇంతవరకు కరెంటు తీసుకోని చక్రాల వెనకవైపు తాకేలా వంచి, ఒక చిన్న సర్క్యూట్ బోర్డు ముక్కకి టంకం వేసి అతికించండి. తీగ చక్రానికి ఆనీ ఆనకుండా తాకాలి. గట్టిగా నొక్కితే బ్రేకు వేసినట్టే. చక్రం ప్లాస్టిక్‌దైతే లోహపు చక్రాల సెట్టు వేశాకే ఈ పని. అన్ని చక్రాలూ కరెంటు తీసుకునే ఇంజిన్‌కి సగం రోగాలు వాటంతటవే పోతాయి.

మధ్యలో మోటారున్న డీజిల్ అన్నారే, దాన్ని చూస్తే ఆథర్న్ కంపెనీ పాత బ్లూబాక్స్ రకం ఇంజిన్ల తరహాలా ఉంది. వాటిలో ఒక పట్టా కరెంటు ట్రక్కు పైభాగం నుంచి ఫ్రేముకి, ఫ్రేము నుంచి మోటారు కింది క్లిప్పుకి వెళ్తుంది, ఇంకో పట్టాది పైన ఉన్న పొడుగు రేకు మీదుగా. ట్రక్కు ఫ్రేముకి తాకే చోట ఏళ్లు గడిచేకొద్దీ తుప్పో నల్లటి పొరో పడుతుంది, అందుకే దూకుళ్లు. ట్రక్కు నుంచి మోటారుకి నేరుగా మెత్తటి తీగ వేసేయండి, కంట్రోలర్ పావు వంతు తిప్పకముందే కదలడం మీరే చూస్తారు.

ఇక మోటారు. తీసి పారేసే ముందు విప్పి చూడండి. పాన్‌కేక్ మోటారు మూత తీస్తే కమ్యుటేటర్ కనిపిస్తుంది, రాగి ముక్కలు మూడు, మధ్యలో మూడు సన్నటి గాడులు. రాగి మెరవాలి, గాడులు ఖాళీగా ఉండాలి. పాత ఇంజిన్లలో అక్కడ ఉండేది నల్లటి జిగురు, బ్రష్‌ల (కమ్యుటేటర్‌కి ఆని కరెంటు అందించే ముక్కల) కార్బన్ పొడీ ఎక్కువైన నూనే కలిసి గట్టిపడ్డది. ఆ పొడి కరెంటుని ఒక ముక్క నుంచి పక్క ముక్కకి దాటిస్తుంది కాబట్టి మోటారు వేడెక్కుతుంది, కరెంటు ఎక్కువ లాగుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన కాటన్ బడ్‌తో రాగి తుడవండి, గాడుల్ని పుల్లతో గీకండి. గాడుల్లోకి సూది పెట్టొద్దు, రాగి అంచు లేచిపోతుంది. బ్రష్‌లు తీసేటప్పుడు స్ప్రింగుల మీద వేలు పెట్టి ఉంచండి, వదిలారంటే గదంతా వెతకాలి. బిగించాక ఇరుసు బేరింగుకి ప్లాస్టిక్‌ని తినని నూనె ఒక్క చుక్క చాలు.

ఇదంతా చేశాక పట్టా మీద పెట్టకుండా మోటారుకి నేరుగా రెండు తీగలు తగిలించి వోల్టేజీ మెల్లగా పెంచండి. అప్పుడు సాఫీగా తిరిగితే తప్పు మోటారుది కాదు. అప్పుడూ కుదిపితే మోటారు మార్చే మాట మాట్లాడుకుందాం.

గేజ్16:
పాతఇనుము గారి మాటే నాదీనూ, కాకపోతే పట్టాల్ని కూడా చూడండి. మోడళ్ల స్కేళ్లలో హెచ్‌ఓ 1:87, ఓఓ 1:76, రెండూ నడిచేది 16.5 మిల్లీమీటర్ల గేజ్ (పట్టాల మధ్య దూరం) మీదే కాబట్టి ఏ దేశపు పాత ఇంజిన్ అయినా ఎక్కించొచ్చనుకుంటాం. కానీ పాత చక్రాల ఫ్లాంజ్ (చక్రం లోపలివైపు కిందికి దిగే అంచు) లోతెక్కువ. కోడ్ 100 పట్టా ఎత్తు 2.5 మిల్లీమీటర్లు, దాని మీద దొర్లిపోతాయి. కోడ్ 75 అంటే 1.9 మిల్లీమీటర్లే, స్లీపర్ల మీద పట్టాని పట్టుకునే బొడిపెలకి ఫ్లాంజ్ తగిలి టకటకమంటూ పోతుంది, పాయింటులో ఎగురుతుంది. ఆ కుదుపు మోటారు వల్ల అనుకుని మోటార్లు మార్చినవాళ్లని చూశాను. ఓఓలో రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం కూడా కొలవండి, 14.4 నుంచి 14.5 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి, పాతవాటిలో ఇంకా తక్కువ ఉంటుంది. వీలైతే పాయింట్లని కరెంటున్న ఫ్రాగ్ రకానికి మార్చండి, ఒక్కో ఇంజిన్‌కీ విడిగా పని చేసే బాధ తప్పుతుంది.

పచ్చసిగ్నల్:
సరే, పికప్‌లు ముందు, ఒప్పుకుంటాను. కానీ శుభ్రం చేస్తే చాలు అనే దగ్గర నాకు అభ్యంతరం ఉంది. డీసీలో ఎంత శుభ్రం చేసినా ఎత్తు ఎక్కేటప్పుడు నెమ్మదిస్తుంది, దిగేటప్పుడు పరిగెత్తుతుంది. బ్యాక్ ఈఎమ్‌ఎఫ్ ఉన్న డీకోడర్ క్షణంలో ఎన్నోసార్లు మోటారుకి కరెంటు ఆపి, ఆ ఖాళీలో మోటారు తనంతట తాను పుట్టించే వోల్టేజీ కొలిచి, వేగం తగ్గితే పెంచుతుంది, పెరిగితే తగ్గిస్తుంది. చౌక మోటారుకి ఇంత మేలు చేసేది ఇంకోటి లేదు. దానికి తోడు కీప్ అలైవ్ కెపాసిటర్ (పట్టా కరెంటు క్షణం ఆగినా నడిపించేది) తగిలిస్తే మసి చుక్కల్ని పట్టించుకోకుండా దాటేస్తుంది. పాత ఇంజిన్‌ని ఈ రోజు ఇంజిన్ల పక్కన నిలబెట్టాలంటే ఇదే దారి.

పాతఇనుము:
అలా అయితే కరెంటు సంగతి ముందు తేల్చాలి. హెచ్‌ఓ డీకోడర్లలో ఎక్కువ శాతం ఒక ఆంపియర్ దగ్గర రేటింగ్ ఉన్నవి. పాత మోటారు ఇరుక్కుపోతే అంతకన్నా ఎక్కువ లాగగలదు. మల్టీమీటర్‌ని 10 ఆంపియర్ల రేంజిలో సిరీస్‌లో పెట్టి, 12 వోల్టులు ఇచ్చి, చక్రాన్ని వేలితో ఒక్క క్షణం ఆపి అంకె చూసి వదిలేయండి. డీకోడర్ రేటింగ్ దాటితే దాన్ని ఆ ఇంజిన్‌లో పెట్టొద్దు. ఇది చూడకుండా డీకోడర్ కొనే పని పెట్టుకోకండి, పొగ వచ్చాక దానికి మందు లేదు.

పాత ఓపెన్ ఫ్రేము మోటార్లలో, అంటే హార్న్‌బీ ఎక్స్04 లాంటివాటిలో, ఇంకో సంగతి. వాటి మాగ్నెట్ ఆల్నికో అనే మిశ్రలోహానిది, ఆర్మేచర్ బయటికి తీసినప్పుడు బలం కోల్పోతుంది. అలాంటి మోటారు ఖాళీగా ఉన్నప్పుడు రయ్యిమని తిరుగుతుంది, బోగీలు తగిలించగానే చతికిలబడుతుంది, ముట్టుకుంటే కాలుతుంది. చాలామంది దీన్ని చూసి మోటారు అయిపోయింది అనేస్తారు. చిన్న నియోడైమియం మాగ్నెట్లు పెట్టి చూడండి, వేగం తగ్గుతుంది, బలం పెరుగుతుంది, కరెంటు కూడా తక్కువ లాగుతుంది. అదే మోటారు అప్పుడు డీకోడర్‌కి లొంగుతుంది.

డీకోడర్ పెట్టేటప్పుడు మోటారు రెండు బ్రష్‌లూ ఫ్రేముకి ఎక్కడా తగలకూడదు. బ్లూబాక్స్ తరహాలో కింది క్లిప్పు కింద టేపు వేసి విడదీయాలి, ఎక్స్04లో ఒక బ్రష్ స్ప్రింగుకే తొడుగు ఉంటుంది, రెండోదానికీ వెయ్యాలి. నారింజ, బూడిదరంగు తీగలు మోటారుకి, ఎరుపు, నలుపు పట్టాలకి. మోటారు మీద పాత సప్రెషన్ కెపాసిటర్ (రేడియో, టీవీల్లో గోల రాకుండా పెట్టేది) ఉంటే కత్తిరించేయండి.

మూడోపట్టా:
మీరంతా ఖర్చు మాట దాటేస్తున్నారు. కొత్త మోటారు, డీకోడర్, చక్రాలు, కప్లింగులు, కీప్ అలైవ్ అన్నీ లెక్క కడితే డీకోడర్ సాకెట్‌తో వచ్చే మంచి ఇంజిన్ ధర దగ్గరికి పోతుంది. అంత పెట్టాక కూడా మిగిలేది అదే పాత బాడీ, అచ్చులో లావుగా పోసిన రెయిలింగులు, పెద్ద పెద్ద కిటికీలు. పైగా లీమా 2004లోనే మూతపడింది, ఆ తర్వాత హార్న్‌బీ చేతికి వెళ్లింది, పాత ట్రక్కుల విడిభాగాలు దొరకాలంటే ఇంకో పాత ఇంజిన్ కొని విప్పాల్సిందే. జ్ఞాపకం కోసం ఒకటి ఉంచుకోండి, మిగతావి అమ్మేసి ఒక మంచిది కొనండి.

పాతఇనుము:
లెక్క సరైనదే, కానీ అన్నీ ఒకే రకం ఖర్చులు కావు. డీకోడర్‌ని ఎనిమిది పిన్నుల సాకెట్‌తో పెడితే రేపు ఇంకో ఇంజిన్‌లోకి మార్చుకోవచ్చు. లోహపు చక్రాలు, కప్లింగులు కూడా అంతే. ఆ ఇంజిన్‌తోనే పోయేది దానికని కోసి, ఫైల్ పట్టి బిగించిన మోటారు ఒక్కటే. అందుకే మోటారు చివర అంటున్నాను. పికప్ తీగకీ, ఆల్కహాల్‌కీ ఖర్చు లేదనే చెప్పాలి, అక్కడికే చాలా ఇంజిన్లు దారికొస్తాయి.

ఒకే ఒక్క సందర్భంలో మీ మాట పూర్తిగా ఒప్పుకుంటాను. ఫ్రేము లేదా ట్రక్కు జింకు పోతది అయి, దాని మీద సన్నటి పగుళ్లు, ఉబ్బు కనిపిస్తే ఇంక పైసా పెట్టొద్దు. పోతలో సీసం లాంటి మలినాలు కలిసినప్పుడు లోహం లోపలినుంచి పొడిపొడి అవుతుంది, దాన్ని ఆపే దారి లేదు. బ్రాంచ్‌లైన్ గారూ, అన్నిటికన్నా ముందు ఇదొకటి చూడండి.

గేజ్16:
బాడీ లావుగా ఉందనే మాట నాకు నచ్చలేదు. మూడు అడుగుల దూరంలో బోగీలతో పోతుంటే రెయిలింగు మందం ఎవరికీ కనపడదు, కుదుపు మాత్రం గది అవతలినుంచి కూడా కనపడుతుంది. ఇంకోటి, లాగే బలం కోసమని లోపల సీసం కుక్కేస్తారు కొందరు. పాత మోటారుకి చక్రం జారడమే రక్షణ. బరువు ఎక్కువై చక్రం జారకపోతే మోటారు ఇరుక్కుని కాలుతుంది. కొంచెం వేసి, చక్రం జారుతోందా లేదా చూసి ఆపేయాలి.

బ్రాంచ్‌లైన్:
అందరికీ థాంక్సండీ. మీరు చెప్పిన వరసలోనే చేశాను. ఫ్రేములన్నీ బాగున్నాయి, పగుళ్లు లేవు. లోహపు ఫ్రేము డీజిల్‌కి తీగలు వేశాను, గాడులు శుభ్రం చేశాను, ఇప్పుడది పాయింట్ల మీద నత్తలా పాకుతూ ఆగకుండా పోతోంది, దానికి ఇంకేమీ చెయ్యను, డీసీసీకి మారినప్పుడు డీకోడర్ ఒక్కటే. పాన్‌కేక్ రెండింటిలో ఒకదానికి నాలుగు చక్రాలకి అదనపు పికప్‌లు పెట్టాను, గోల ఉంది కానీ నడక బాగుంది. రెండోదే లొంగట్లేదు. నేరుగా తీగలిచ్చినా ఒక చోట తట్టుకుంటోంది, చక్రం ఆపి చూస్తే ఆంపియర్ దాటింది, ఆర్మేచర్ కాయిల్ ఒకటి పోయిందని నా అనుమానం. ఆవిరి ఇంజిన్ ఇంకా విప్పలేదు.

పాతఇనుము:
కమ్యుటేటర్ ముక్కల్ని రెండేసి చొప్పున ఓమ్‌మీటర్‌తో కొలవండి, మూడు కొలతలూ దగ్గర దగ్గరగా రావాలి. ఒకటి తేడాగా వస్తే మీ అనుమానం నిజమే. అలా వస్తే దాని జోడీ ఇంజిన్ మాత్రం విప్పకండి, అది నడుస్తోంది కదా. ఈ ఒక్కదానికి మోటారు మార్చడమే సరి, ఇక్కడ పచ్చసిగ్నల్ గారితో నాకు పేచీ లేదు.

పచ్చసిగ్నల్:
డీకోడర్ లేకుండా ఆపేయడం మీద నాకింకా పేచీ ఉంది, అది వేరే రోజు చూసుకుందాం. బ్రాంచ్‌లైన్ గారూ, పాత మోటారు షాఫ్టు మీద ఉన్న చిన్న గేరుని జాగ్రత్తగా లాగండి, అది విరిగితే పనంతా ఆగిపోతుంది. దాని పళ్లు లెక్కపెట్టి, షాఫ్టు మందం, మోటారు కూర్చునే గుంత వ్యాసం కొలిచి ఇక్కడ పెట్టండి. కొత్త మోటారు షాఫ్టు సాధారణంగా సన్నగా ఉంటుంది, మధ్యలో ఇత్తడి గొట్టం ముక్క తొడగాలి. ఏ మందం గొట్టమో కొలతలు చూశాక చెప్తాను.