ఈమెయిల్‌లో దరఖాస్తు: కవర్ లెటర్ మెయిల్‌లోనే రాయాలా, విడిగా ఫైలు పెట్టాలా?

మొదటిమెట్టు:
అందరికీ నమస్కారం. అకౌంట్స్ అసిస్టెంట్ ఉద్యోగానికి అప్లై చేస్తున్నాను. ప్రకటనలో "రెజ్యూమె, కవర్ లెటర్ ఈ అడ్రస్‌కు మెయిల్ చేయండి" అని మాత్రమే ఉంది. లెటర్ మెయిల్‌లోనే రాసేయమని మా అక్క అంటోంది. కోర్సు చెప్పిన సార్ మాత్రం పీడీఎఫ్ చేసి జతచేయాలి, మెయిల్‌లో రెండు ముక్కలు రాస్తే చాలు అంటున్నారు. ఎవరి మాట వినాలి? నేను రాసుకున్నది కింద ఇస్తున్నాను, ఎలా ఉందో కూడా చెప్పండి.

"గౌరవనీయులైన సర్/మేడమ్, మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో అకౌంట్స్ అసిస్టెంట్ ఉద్యోగం ఖాళీగా ఉందని తెలిసి సంతోషించాను. నేను బీకాం పూర్తి చేశాను. కష్టపడే స్వభావం, అందరితో కలిసి పనిచేసే గుణం నాకున్నాయి. ఒక్క అవకాశం ఇస్తే శక్తివంచన లేకుండా పనిచేసి సంస్థ అభివృద్ధికి తోడ్పడతాను. రెజ్యూమె జతచేశాను."

నియామకాలపని:
మీ అక్క చెప్పిందే సరైనదండీ. వచ్చిన దరఖాస్తులను వడపోయడమే నా ఉద్యోగం కాబట్టి అవతలి వైపు ఏం జరుగుతుందో చెబుతాను. మెయిల్ తెరవగానే కంటపడేది అందులో రాసిన మాటలే. అక్కడ "జతచేసిన ఫైళ్లు చూడగలరు" అని ఒక్క ముక్క ఉంటే, ఆ మనిషి గురించి నాకు ఇంకా ఏమీ తెలియనట్టే. రెండు ఫైళ్లుంటే ముందు రెజ్యూమె తెరుస్తాను. అందులో పనికొచ్చేది కనిపించకపోతే రెండో ఫైలు దాకా వెళ్లను. అంటే మీరు అంత కష్టపడి రాసిన లెటర్ తెరవకుండానే ఉండిపోతుంది.

ఇంకో సంగతి. నాకు నచ్చినవాటిని సంబంధిత మేనేజర్‌కు ఫార్వర్డ్ చేస్తాను. వాళ్లు మీటింగ్‌కూ మీటింగ్‌కూ మధ్య ఫోన్‌లో చూస్తారు. ఫోన్ తెర మీద పీడీఎఫ్ అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి, పెద్దవి చేసుకుంటూ పక్కకు జరుపుకుంటూ చదవాలి. మెయిల్‌లో రాసింది మాత్రం తెరకు తగ్గట్టు సర్దుకుంటుంది. మీ మాటలు నేరుగా వాళ్ల దాకా చేరతాయి.

పాతఫైలు:
నియామకాలపని గారు చెప్పింది వాళ్ల ఆఫీసులో నిజమే కావచ్చు, అన్ని చోట్లా కాదు. బోధన, పరిశోధన ఉద్యోగాల్లోనూ, సెలక్షన్ కమిటీ కూర్చుని మార్కులు వేసే సంస్థల్లోనూ కవర్ లెటర్ అంటే ఒక పత్రం. మెయిల్ అందుకున్న క్లర్కు అటాచ్‌మెంట్లను డౌన్‌లోడ్ చేసి అభ్యర్థి పేరుతో ఫోల్డర్‌లో వేస్తారు. కమిటీకి వెళ్లేది ఆ ఫోల్డరే. మెయిల్‌లో రాసింది ఇన్‌బాక్స్‌లోనే ఆగిపోతుంది. చెక్‌లిస్టులో "కవర్ లెటర్" ఎదురుగా టిక్ పడకపోతే దరఖాస్తు అసంపూర్తి అని పక్కన పెట్టేస్తారు. అప్పుడు ఎంత బాగా రాస్తే మాత్రం ఏం లాభం?

పైగా వర్డ్‌లో రాసి మెయిల్‌లో పేస్ట్ చేస్తే ఒక పేరా ఒక ఫాంటులో, ఇంకో పేరా ఇంకో సైజులో వెళ్తుంది. పీడీఎఫ్ అయితే మనం ఎలా పంపామో అలాగే కనిపిస్తుంది. మొదటిమెట్టూ, మీ సార్ మాట కొట్టిపారేయకండి.

నియామకాలపని:
కమిటీల విషయం ఒప్పుకుంటాను. ప్రకటనలో "జతచేయండి", "పీడీఎఫ్ పంపండి", "అప్‌లోడ్ చేయండి" అని ఉంటే మారుమాట లేకుండా అలాగే చేయాలి. కానీ ఇక్కడ "మెయిల్ చేయండి" అని మాత్రమే ఉంది. ఫాంటుల గొడవకు ఫార్మాటింగ్ లేకుండా పేస్ట్ చేస్తే సరి, చాలా ప్రోగ్రాముల్లో కంట్రోల్, షిఫ్ట్, వి కలిపి నొక్కితే అయిపోతుంది. ఒకవేళ పీడీఎఫ్ జతచేయాల్సి వచ్చినా మెయిల్‌ను ఖాళీగా పంపకండి. ఏ ఉద్యోగానికి, మీరెవరు, ఆ పనికి మీరెందుకు సరిపోతారు అన్నది మూడు నాలుగు వాక్యాల్లో అక్కడ ఉండాలి.

చదివేదెవరు:
అసలు ఈ చర్చే అనవసరం అనిపిస్తోంది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక అందరి లెటర్లూ ఒకే మూసలో ఉంటున్నాయి. అభ్యర్థి యంత్రంతో రాయిస్తాడు, అవతలివాళ్లు చదవరు. రెజ్యూమె మంచిగా ఉంటే పిలుస్తారు, లేకపోతే లేదు. ఉద్యోగం లేక టెన్షన్‌లో ఉన్నవాళ్లతో ఇంకో కాగితం రాయించడం అన్యాయం.

అక్షరం:
చదివేదెవరు గారూ, మీ బాధ అర్థమైంది. వందల దరఖాస్తులు పెట్టేవాళ్ల చేత చదవని లెటర్లు రాయించడం అన్యాయమే, అక్కర్లేని సంస్థలు ప్రకటనలోనే ఆ మాట రాసేయాలి. కానీ ఈ ప్రకటనలో అడిగారు. అందరివీ ఒకే మూసలో ఉన్నాయంటే, పేరు మార్చి ఇంకొకరు పంపుకోలేని లెటర్‌కు విలువ పెరిగినట్టే కదా.

లియొనార్డో డావిన్చీ 1482 ప్రాంతంలో మిలాన్ పాలకుడు లుడొవీకో స్ఫోర్జాకు కొలువు కోసం రాయించుకున్న లేఖ ఒకటి ఉంది. అంతటి చిత్రకారుడు బొమ్మల సంగతి చిట్టచివర ఎత్తాడు. ముందంతా సులువుగా మోసుకెళ్లే వంతెనలు, కోటల ముట్టడి, కప్పు ఉన్న యుద్ధ శకటాలు. ఆ రోజుల్లో ఆ పాలకుడికి కావలసింది అవే. నమ్మకం కుదరకపోతే మీ ముందే చేసి చూపిస్తానన్నాడు కూడా. తనకు బాగా వచ్చిందేమిటి అన్నదాని కన్నా అవతలివాడికి ఏం కావాలి అన్నది ముందు పెట్టాడు. మెయిల్ అయినా పీడీఎఫ్ అయినా, నేను చూసేది ఇదే.

మొదటిమెట్టూ, ఈ లెక్కన మీ డ్రాఫ్ట్ చూద్దాం. "ప్రతిష్ఠాత్మక సంస్థ" అంటే ఏ సంస్థ అయినా కావచ్చు. "కష్టపడే స్వభావం" అని అందరూ రాస్తారు. "ఒక్క అవకాశం ఇస్తే" అని బతిమాలక్కర్లేదు, మీకు పని కావాలి, వాళ్లకు మనిషి కావాలి. బీకాం సంగతి రెజ్యూమెలో ఎలాగూ ఉంటుంది. ఇవన్నీ తీసేస్తే ఏం మిగిలిందో చూడండి. ఆ ప్రకటనలో పనులేమైనా రాశారా? అలాంటి పని మీరెక్కడైనా చేశారా?

మొదటిమెట్టు:
బ్యాంక్ రికన్సిలియేషన్ (బ్యాంకు లెక్కనూ సంస్థ పుస్తకాల లెక్కనూ సరిపోల్చడం), సప్లయర్ల బిల్లుల ఎంట్రీ అని రాశారు. చదువుకునేటప్పుడు ఒక చిన్న సంస్థలో పార్ట్‌టైమ్ చేశాను. నెలాఖరున బ్యాంక్ స్టేట్‌మెంట్‌నూ లెడ్జర్‌నూ సరిపోల్చేదాన్ని. ఒక నెల రెండూ కలవలేదు. వెతికితే ఒకే పేమెంట్ రెండుసార్లు ఎంట్రీ అయిందని తేలింది. ఇలాంటివి కూడా రాయవచ్చా? చిన్న విషయం కదా అని వదిలేశాను.

అక్షరం:
రాయాల్సిందే అదండీ! ఇలా ఉంటే ఎలా ఉంటుందో చూడండి.

సబ్జెక్ట్: అకౌంట్స్ అసిస్టెంట్ పోస్టుకు దరఖాస్తు – (మీ పేరు)

"నమస్కారం. మీ ప్రకటనలో బ్యాంక్ రికన్సిలియేషన్, సప్లయర్ల బిల్లుల ఎంట్రీ ముఖ్యమైన పనులని చూశాను. చదువుకుంటూ ఒక చిన్న సంస్థలో పార్ట్‌టైమ్‌గా ప్రతి నెలాఖరున బ్యాంక్ స్టేట్‌మెంట్‌ను లెడ్జర్‌తో సరిపోల్చే పని చేశాను. ఒక నెల రెండూ కలవనప్పుడు ఎంట్రీలన్నీ వెనక్కి చూసుకుంటూ వెళ్లి, ఒకే పేమెంట్ రెండుసార్లు నమోదైందని పట్టుకున్నాను. ఈ పనినే పూర్తి సమయం చేయాలని ఉంది. రెజ్యూమె జతచేశాను. మీకు వీలైనప్పుడు మాట్లాడేందుకు సిద్ధంగా ఉన్నాను."

కింద పేరు, ఫోన్ నంబరు. ప్రకటనలో సంప్రదించాల్సిన వారి పేరు ఇచ్చి ఉంటే "నమస్కారం" పక్కన ఆ పేరు, "గారూ" చేర్చండి. సబ్జెక్ట్‌లో ఉద్యోగం పేరు ముందు ఉండాలి, ఎందుకంటే ఫోన్‌లో చివరి మాటలు కనిపించకుండా పోతాయి.

చదివేదెవరు:
ఇలాంటిది వస్తే నేనూ చదువుతాను, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ప్రతి ఉద్యోగానికీ ఇలా కూర్చుని రాసే ఓపిక ఎంతమందికి ఉంటుంది? అడగని చోట మాత్రం రాయకండి అనే అంటాను.

పాతఫైలు:
లెటర్ బాగుంది. నా సలహా ఒకటే: ఇదే మేటర్‌ను ఒక పేజీ పీడీఎఫ్‌గా కూడా జతచేయండి. ఫైలు పేరు "డాక్యుమెంట్1" అని కాకుండా మీ పేరు, "కవర్ లెటర్" అని ఉండాలి. ఎవరైనా ఫైళ్లు మాత్రమే దాచుకుంటే అందులో ఇదీ ఉంటుంది.

నియామకాలపని:
ఈ ప్రకటనకు నేనైతే పెట్టను. ఒకే లెటర్ రెండు చోట్ల ఉంటే తేడా ఏమైనా ఉందేమో అని రెండూ చూడాల్సి వస్తుంది. అడగని సర్టిఫికెట్ల స్కాన్‌లు కూడా వద్దు. జీమెయిల్ 25 ఎంబీ దాకా పంపనిస్తుంది కానీ, అవతలి సర్వర్ పరిమితి అంతకన్నా తక్కువ ఉంటే మెయిల్ వెనక్కి వచ్చేస్తుంది.

పంపేటప్పుడు "టు" దగ్గర అడ్రస్ అన్నిటికన్నా చివర నింపండి. సగం రాసిన మెయిల్ పొరపాటున వెళ్లిపోదు. జీమెయిల్ సెట్టింగ్స్‌లో అన్‌డూ సెండ్‌ను 30 సెకన్లకు పెట్టుకోండి, రెజ్యూమె జతచేయడం మరిచిపోతే వెనక్కి తెచ్చుకోవచ్చు.

మొదటిమెట్టు:
అందరికీ ధన్యవాదాలు. అక్షరం గారు చూపించినట్టే మెయిల్‌లో రాసి, రెజ్యూమె మాత్రం పీడీఎఫ్ జతచేసి పంపేశాను. పాతఫైలు గారూ, కమిటీ ఉన్న చోట అప్లై చేసేటప్పుడు మీరు చెప్పినట్టు చేస్తాను. జవాబు రాకపోతే మళ్లీ రాయవచ్చా?

నియామకాలపని:
గడువు తేదీ దాటాక ఒక వారం ఆగి, ఒక్కసారి రాయండి. కొత్త మెయిల్ కాకుండా, పంపిన మెయిల్‌కే రిప్లై ఇస్తే పాత లెటర్ కింద ఉంటుంది. రిప్లైలో పాత అటాచ్‌మెంట్ దానంతట అది వెళ్లదు, కాబట్టి రెజ్యూమె మళ్లీ జతచేయండి.