కళాశాల ఫెన్సింగ్ క్లబ్బుకు అందరూ కట్టిన క్రీడా రుసుము నుంచి నిధులు ఇవ్వవచ్చునా?

చర్చను ప్రారంభించినవారు: ఎం.ఎస్సీ. రెండవ సంవత్సరం విద్యార్థిని, హైదరాబాద్

అందరికీ నమస్కారం. మన కళాశాల ఇండోర్ హాలులో సాయంత్రం బ్యాడ్మింటన్ ఆడేవారు వెళ్లిపోయాక కొందరం ఫెన్సింగ్ సాధన చేస్తున్న సంగతి మీలో చాలామందికి తెలుసు. చదువు ముగించుకుని వెళ్లిన ఒక సీనియర్ వదిలిపెట్టిన రెండు కత్తులతోనూ, బయట అరువు తెచ్చుకున్న మాస్కులతోనూ ఇంతకాలం నెట్టుకొచ్చాము. ఈ సంవత్సరం నుంచి దీనిని కళాశాల క్లబ్బుగా గుర్తించి, క్రీడా రుసుము నుంచి 4,50,000 రూపాయలు మంజూరు చేయమని క్రీడా సంఘానికి దరఖాస్తు పెట్టుకున్నాము. ఫాయిల్, ఎపే, సేబర్ అనే మూడు ఆయుధాలకూ సరంజామా, కత్తి తాకగానే దీపం వెలిగించే విద్యుత్ స్కోరింగ్ యంత్రం, కోచ్ గౌరవ వేతనం, అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు ప్రయాణ ఖర్చులు ఇందులో ఉన్నాయి. నిర్ణయం తీసుకునే ముందు విద్యార్థుల అభిప్రాయం వినాలని సంఘం కోరింది. అనుకూలమైనా ప్రతికూలమైనా, కారణంతో సహా ఇక్కడ రాయవలసిందిగా కోరుతున్నాను.

హాస్టల్ విద్యార్థి, బీ.కాం. తృతీయ సంవత్సరం

ఫెన్సింగ్ అనే ఆట మీద నాకు ఎటువంటి వ్యతిరేకతా లేదు. నా అభ్యంతరమంతా ఆ డబ్బు ఎవరిది అన్న విషయం మీదనే. మాలో చాలామందికి బోధన రుసుమును రీయింబర్స్‌మెంట్ కింద ప్రభుత్వమే భరిస్తుంది. క్రీడా రుసుమును మాత్రం ఇంటి దగ్గర అడిగి తెచ్చుకుని కట్టాము. ఆ సొమ్ముతో కొనే వస్తువును ముట్టుకునేవారు ముప్పై మంది కూడా లేనప్పుడు, అది న్యాయమని నాకు నచ్చజెప్పేవారు కావాలి.

కబడ్డీ జట్టు సంగతి చూడండి. పోటీలు మ్యాట్ మీద జరుగుతాయి, మన పిల్లలు మట్టి మీద సాధన చేస్తారు. మట్టి మీద అలవాటైన కాలు మ్యాట్ మీద మెలిక పడుతుంది. పోయిన సంవత్సరం ఇద్దరు మోకాళ్లు పట్టుకుని కూర్చున్నది ఇందువల్లనే. వాలీబాల్ కోర్టులో వాన కురిస్తే వారం రోజులు నీరు నిలుస్తుంది, చీకటి పడితే దీపం లేదు. ఇవి వందల మంది ఆడే ఆటలు. వీటికి నిధులు లేవన్న సంఘం ఖరీదైన కత్తుల దరఖాస్తును పరిశీలనకు తీసుకోవడమే నాకు బాధ కలిగించింది. ఒలింపిక్స్‌కు అర్హత సాధించిన మొదటి భారతీయ ఫెన్సర్ భవానీ దేవి గారు చెన్నైలో బడిపిల్లగా ఉన్నప్పుడు వెదురు కర్రలతో సాధన చేశారని పత్రికల్లో చదివాను. ఆమె అలా మొదలుపెట్టగలిగినప్పుడు, మన క్లబ్బుకు మొదటి సంవత్సరమే ఇంత మొత్తం ఎందుకు?

పూర్వ విద్యార్థి, ఒకప్పటి విశ్వవిద్యాలయ ఫెన్సింగ్ జట్టు సభ్యుడు

హాస్టల్ తమ్ముడు రాసినదానిలో కబడ్డీ మ్యాట్ గురించిన మాట అక్షరాలా నిజం. సంఘం దగ్గర ఒక్క పనికే డబ్బు ఉంటే ముందు ఆ మ్యాట్ కొనాలని నేనూ అంటాను, ఎందుకంటే అక్కడ పిల్లలు ఇప్పటికే గాయపడుతున్నారు. అయితే రెండింటికీ చోటు ఉండేలా ఈ దరఖాస్తును తగ్గించి రాయవచ్చునని నా నమ్మకం. క్లబ్బుకు నిధులు ఇవ్వాలి. కానీ ఇప్పుడు అడిగిన రూపంలో ఇవ్వకూడదు.

వెదురు కర్రల సంగతి ముందు చెబుతాను. భవానీ దేవి గారు వెదురుతో సాధన చేయడానికి కారణం విద్యుత్ కత్తులు అందుబాటులో లేకపోవడమే. ఉన్న కొద్దిపాటి కత్తులను పోటీల కోసం దాచుకోవలసి వచ్చింది. ఆ తరువాత ఆమె కేరళలోని తలశ్శేరి శాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) కేంద్రంలో శిక్షణ పొందారు, ఇటలీ కోచ్ దగ్గర ఏళ్ల తరబడి నేర్చుకున్నారు. టోక్యో ఒలింపిక్స్‌లో మొదటి బౌటును (పోరును) 15-3తో గెలిచి, రెండవదానిలో ఫ్రాన్స్ క్రీడాకారిణి చేతిలో 7-15తో ఓడారు. 2023లో ఆసియా ఛాంపియన్‌షిప్‌లో మన దేశానికి మొట్టమొదటి పతకం తెచ్చారు. వెదురు నుంచి అక్కడిదాకా నడిపించినది ఆమె పట్టుదలతో పాటు, దారిలో అందిన సరంజామా, శిక్షణ కూడా. ఆమె పడిన కష్టాన్ని మన పిల్లలు తప్పనిసరిగా పడాలని నియమం పెట్టడం సరికాదు.

ఇప్పుడు అసలు లెక్క. జట్టు పోటీకి ఒక ఆయుధానికి ముగ్గురు, ఒక అదనపు సభ్యుడు కావాలి. మూడు ఆయుధాలు, పురుషులు, స్త్రీలు కలిపితే 24 మంది. ఏ ఆయుధంలోనూ గట్టి పునాది లేని క్లబ్బు ఒకేసారి 24 మందికి సరంజామా కొంటే ఆ డబ్బు నిజంగానే చెదిరిపోతుంది. ఎపే ఒక్కదానితో మొదలుపెట్టండి. ఫాయిల్‌లో మొండెం మాత్రమే లక్ష్యం కాబట్టి యంత్రం గుర్తించడానికి జాకెట్ మీద లోహపు తీగలు నేసిన మరొక జాకెట్ వేసుకోవాలి; సేబర్‌లో అది చేతుల దాకా ఉండాలి, మాస్కు కూడా విద్యుత్తు ప్రవహించేదై ఉండాలి. చెమటకు ఆ లోహపు నేత తుప్పుపట్టి అక్కడక్కడ పనిచేయడం మానేస్తుంది, మళ్లీ కొనాలి. ఎపేలో తల నుంచి పాదం దాకా ఒళ్లంతా లక్ష్యమే కాబట్టి ఆ జాకెట్టే అవసరం లేదు. పైగా ఇద్దరూ ఒకేసారి తాకితే దాడి ముందు మొదలుపెట్టినవారికే పాయింటు ఇచ్చే ‘దాడి హక్కు’ నియమం ఎపేలో లేదు. ఎవరు ముందు తాకితే వారికి పాయింటు, ఇద్దరూ సెకనులో 25వ వంతు లోపల తాకితే ఇద్దరికీ పాయింటు. శిక్షణ పొందిన రిఫరీ లేని సాయంత్రాల్లో కూడా కొత్తవారు కొట్లాట లేకుండా ఆడుకోగలిగేది ఈ ఆయుధంతోనే.

పొదుపు చేయకూడని చోటు ఒకటుంది. 1982లో రోమ్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో సోవియట్ ఫెన్సర్ వ్లదిమీర్ స్మిర్నోవ్ ప్రత్యర్థి కత్తి విరిగి, ఆ విరిగిన మొన మాస్కును చీల్చుకుని లోపలికి దిగడం వల్ల మరణించాడు. అప్పటికి అతడు ఒలింపిక్ విజేత. ఆ తరువాతనే మాస్కుల జాలీ, జాకెట్ల బట్ట, కత్తి ఉక్కు విషయంలో నియమాలు కఠినమయ్యాయి. అంతర్జాతీయ పోటీల్లో జాకెట్ 800 న్యూటన్ల (న్యూటన్ అంటే బలానికి కొలమానం), మాస్కు గొంతుకవచం 1600 న్యూటన్ల తాకిడికి తట్టుకోవాలన్న ప్రమాణం వచ్చింది. క్లబ్బు స్థాయికి 350 న్యూటన్ల జాకెట్ వాడుతారు, దాని లోపల కత్తి పట్టే చేతివైపు చంకను కప్పే రక్షణ కవచం తప్పనిసరి. మీరు ఇప్పుడు వాడుతున్న అరువు మాస్కుల వయసు ఎంతో ఎవరికైనా తెలుసా? జాలీ ఒక్కచోట సొట్టపోయినా ఆ మాస్కును పక్కన పెట్టాలి. కత్తులు పాతవైనా పరవాలేదు, మాస్కులు మాత్రం కొత్తవి కొనండి. ఎడమచేతి వాటం వారికి ఎడమచేతి జాకెట్లు, గ్లవ్‌లు కొన్ని విడిగా ఉండాలి. అమ్మాయిలకు ఛాతీ కవచాలు ఉండాలి. చాలా క్లబ్బులు వీటిని తరువాత చూద్దామని వదిలేస్తాయి, అందువల్లనే అమ్మాయిలు రెండోరోజు రావడం మానేస్తారు.

ఇక డబ్బు ఎవరిది అన్న ప్రశ్న. క్రికెట్ జట్టులోకి వెళ్లేదీ పదిహేను మందే. అయినా దాని నెట్‌లను ఎవరూ ప్రశ్నించరు, ఎందుకంటే బ్యాటు పట్టుకుని ఎవరైనా అక్కడికి వెళ్లి నిలబడవచ్చు. ఫెన్సింగ్‌లో ఆ తలుపు సరంజామా దగ్గర మూసుకుంటుంది. కళాశాల కొనకపోతే ఈ ఆట ఆగిపోదు. జూబ్లీహిల్స్ నుంచి సొంత కిట్ బ్యాగుతో వచ్చేవారు ఆడుతూనే ఉంటారు. నల్గొండ నుంచి వచ్చి హాస్టల్‌లో ఉండే పిల్లకు మాత్రం అవకాశం ఉండదు. అందరి రుసుముతో కొన్నది అందరూ తొడుక్కోగలిగే సరంజామా అయినప్పుడు, ఆ రుసుము తన పని తాను చేసినట్టే. కాబట్టి ప్రతి సెమిస్టరులో ఇంతవరకు కత్తి పట్టనివారికోసం ఒక కొత్త బ్యాచ్ తెరవాలన్నది మంజూరుకు షరతుగా ఉండాలి, మొదటి ఏడాది ప్రయాణ ఖర్చులు అడగకూడదు.

వాణిజ్య శాస్త్ర అధ్యాపకుడు, క్రీడా సంఘం పూర్వ సభ్యుడు

పూర్వ విద్యార్థి గారి వివరణ నాకు ఉపయోగపడింది. నా భయం మరొకటి. మన వెనుక భవనంలో ఒక స్క్వాష్ కోర్టు ఉందని ఇప్పటి విద్యార్థుల్లో ఎంతమందికి తెలుసు? ఉత్సాహమున్న ఒక బ్యాచ్ పట్టుబట్టి కట్టించుకుంది. ఆ బ్యాచ్ వెళ్లిపోయిన తరువాత నేర్పేవారు లేక, ఇప్పుడు అందులో పరీక్షల జవాబు పత్రాల కట్టలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. కత్తులకూ అదే గతి పట్టదని హామీ ఏమిటి?

ఈ హామీ విద్యార్థుల దగ్గర దొరకదు, వారు మూడేళ్లలో వెళ్లిపోయేవారు. అందుకని రెండు విషయాలు రాతపూర్వకంగా ఉండాలని నా సూచన. కొన్న ప్రతి వస్తువూ క్లబ్బు పేరు మీద కాక వ్యాయామ విద్యా విభాగం స్టాక్ రిజిస్టరులో నమోదు కావాలి. బీరువా తాళం కూడా ఆ విభాగం దగ్గరే ఉండాలి. కోచ్‌ను విద్యార్థులు మాట్లాడుకోవడం కాక కళాశాలే నియమించాలి, పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ డిప్లొమా ఉన్నవారికి ప్రాధాన్యం ఇవ్వాలి. వస్తువులకు ఒకసారి డబ్బు ఇచ్చి కోచ్‌కు ఇవ్వకపోవడం కన్నా, వస్తువులు సగం కొని కోచ్‌ను మూడేళ్లు ఉంచడం మేలు.

ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) విద్యార్థి, ద్వితీయ సంవత్సరం

మరమ్మతుల గురించి ఒక్క మాట. నేను ఫెన్సర్‌ను కాను, కానీ వారి ఎపేను ఒకసారి విప్పి చూశాను. మొనలో చిన్న స్ప్రింగులు, పక్కన రెండు బుల్లి మరలు. 750 గ్రాముల కన్నా ఎక్కువ ఒత్తిడి పడితే లోపలి రెండు తీగలు కలిసి సర్క్యూట్ మూసుకుంటుంది. మూడవ తీగ పిడి ముందు చేతిని కాపాడే కత్తి గిన్నెకు కలిపి ఉంటుంది, అందువల్ల ప్రత్యర్థి గిన్నెను పొడిస్తే దీపం వెలగదు. చెడిపోయేది చాలా వరకు కత్తిని యంత్రానికి కలపడానికి ఆటగాడి ఒంటి మీదుగా వెళ్లే బాడీ వైరు ప్లగ్గు దగ్గర తెగిన తీగే. కోఠీ గుజరాతీ గల్లీలో దొరికే సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటరుతో ఈ పని మా విభాగం విద్యార్థులు చేయగలరు. సాధన కోసం ఒక స్కోరింగ్ పెట్టెను ప్రాజెక్టుగా తయారు చేయడానికి కూడా మేము సిద్ధం. పోటీలకు మాత్రం ఆమోదం పొందిన యంత్రమే కావాలి.

హాస్టల్ విద్యార్థి, బీ.కాం. తృతీయ సంవత్సరం

పూర్వ విద్యార్థి అన్నగారికి, అధ్యాపకులు గారికి ధన్యవాదాలు. కొత్త బ్యాచ్ షరతు రాతపూర్వకంగా ఉంటే, డబ్బు ఎవరిదన్న నా అభ్యంతరం చాలా వరకు తీరుతుంది. కబడ్డీ మ్యాట్ మాత్రం ఇదే సమావేశంలో, ఇదే తీర్మానంలో ఉండాలి. తరువాతి సమావేశానికి వాయిదా వేసిన ఆటలు మా హాస్టల్‌లో చాలా ఉన్నాయి. హాలు సంగతి కూడా తేల్చండి. ఇప్పుడు బ్యాడ్మింటన్ ముగిశాక ఆడుతున్నారు, కొత్త బ్యాచ్‌లు వస్తే ఆ వేళ చాలదు. ఫెన్సింగ్ ఆడే పట్టీ (పిస్ట్) పొడవు 14 మీటర్లు, బ్యాడ్మింటన్ కోర్టు పొడవు 13.40 మీటర్లు. అంటే ఒక కోర్టు పూర్తిగా వారికి వదిలితే తప్ప సాధన కుదరదు, ఉన్నవి రెండే కోర్టులు. మా గదిలో ఉండేవారిలోనే ఇద్దరు బ్యాడ్మింటన్ ఆడతారు, వారిని ఎవరూ అడగలేదు.

ఎం.ఎస్సీ. రెండవ సంవత్సరం విద్యార్థిని

ఇక్కడ వచ్చిన సూచనలను క్లబ్బు సభ్యులందరం కూర్చుని చదివాము. సేబర్ ఆడే ముగ్గురు నొచ్చుకున్నారు, అయినా ఎపే ఒక్కదానికే దరఖాస్తు సవరించడానికి ఒప్పుకున్నారు. ప్రయాణ ఖర్చులు తొలగించాము. కోచ్ గౌరవ వేతనం, కొత్త మాస్కులు, ఎడమచేతి జాకెట్లు, ఛాతీ కవచాలు చేర్చి మొత్తాన్ని 2,90,000 రూపాయలకు తగ్గించాము. స్టాక్ రిజిస్టరు, తాళం, సెమిస్టరుకు ఒక కొత్త బ్యాచ్ అన్న మూడు షరతులనూ మేమే దరఖాస్తులో రాస్తున్నాము. అరువు మాస్కుల్లో రెండింటి జాలీకి సొట్టలు కనిపించడంతో వాటిని ఈ రోజు నుంచే వాడడం ఆపాము.

కబడ్డీ మ్యాట్‌ను అదే తీర్మానంలో పెట్టమని కోరుతూ మా సంతకాలతో విడిగా ఒక లేఖ ఇస్తున్నాము; కబడ్డీ కెప్టెన్ ఒప్పుకుంటే ఇద్దరం కలిసే సంఘం ముందుకు వెళ్తాము. హాలు వేళల విషయంలో మా దగ్గర సమాధానం లేదు. ఉదయం ఆరు గంటలకు సాధన మార్చుకోవడానికి మేము సిద్ధమే కానీ, అంత పొద్దున ఉప్పల్, ఎల్బీ నగర్ నుంచి వచ్చే డే స్కాలర్లకు కష్టం, సరంజామా బీరువా తెరిచే సిబ్బంది కూడా అప్పటికి రారు. బ్యాడ్మింటన్ ఆడేవారు తమకు వీలైన రోజులు ఇక్కడ రాస్తే, సమావేశానికి ముందే ఒక పట్టిక తయారు చేసి పెడతాను.