పొలాల నుంచి గెడ్డలోకి దిగే కాలుష్యం: ఒడిశా వైపు ఉన్న మనం ఏ నిధి అడగాలి?

ప్రశ్న (గుణుపురం ప్రాంతం నుంచి):
వంశధారలో కలిసే ఒక గెడ్డ (కొండవాగు) ఒడ్డున మా ఊరు ఉంది. ఎగువన కొండవాలు మీద పత్తి వేస్తున్నారు. తొలకరి వానలకు దిగే ఎర్రనీటిలో యూరియా, గడ్డిమందు కలిసి వస్తున్నాయి. ఊరి పెంటకుప్పల ఊట, వీధి కాలువల నీరు కూడా అందులోకే చేరుతున్నాయి. ఫ్యాక్టరీ ఏదీ లేదు గనుక ఎవరి మీద ఫిర్యాదు చేయాలో తెలియడం లేదు. ఇటువంటి కాలుష్యానికి అమెరికాలో ప్రత్యేక గ్రాంటు ఉందని చదివాను. మనకూ అటువంటిది ఉన్నదా? పెద్దలు తెలియజేయగలరు.

సమాధానం (రాయగడ నుంచి):
మీరు చదివినది నిజమేనండి. అక్కడి స్వచ్ఛ జల చట్టానికి 1987లో చేర్చిన 319వ సెక్షన్ కింద, పొలాల నుంచీ వీధుల నుంచీ కొట్టుకువచ్చే కాలుష్యాన్ని తగ్గించడానికి కేంద్రం రాష్ట్రాలకు గ్రాంటు ఇస్తుంది. మన 1974 నాటి నీటి కాలుష్య చట్టం ప్రధానంగా కాలువలోకి గొట్టం పెట్టి వదిలేవారిని దృష్టిలో పెట్టుకున్నది. అందువల్ల "కాలుష్య నివారణ" అన్న శీర్షికతో దరఖాస్తు పెడితే, ఇది మా శాఖది కాదంటూ ఒకరి నుంచి ఒకరికి పంపుతారు. అదే పనిని నేల, నీటి సంరక్షణ పేరుతో అడిగితే నిధికి దారి దొరుకుతుంది.

భాస్వరం చాలావరకు మట్టిని అంటుకునే కొట్టుకుపోతుంది గనుక, మట్టిని ఆపితే దానినీ ఆపినట్లే. నత్రజని అలా కాదు, నీటిలో కరిగి నేలలోకి ఇంకి బావులకు చేరుతుంది; దానికి గట్లు వేసినా పెద్దగా ప్రయోజనం ఉండదు, మోతాదు తగ్గించడమే ముఖ్యమైన మార్గం. కాబట్టి రెండు పనులకు రెండు చోట్ల అడగవలసి ఉంటుంది.

మట్టిని ఆపే పనికి ప్రధానమంత్రి కృషి సించాయీ యోజనలోని వాటర్‌షెడ్ (పరీవాహక ప్రాంత అభివృద్ధి) విభాగం ఉన్నది. 2021-26 కాలానికి ఎకరాల లెక్కన కాక హెక్టారుకు మైదానంలో 22,000, కొండ ప్రాంతంలో 28,000 రూపాయలుగా ధర నిర్ణయించారు. మునుపు ఇది 12,000, 15,000 మాత్రమే. అయితే ఇది ఒక్క ఊరికి మంజూరయ్యేది కాదు, పరీవాహక ప్రాంతం మొత్తానికి వస్తుంది. మీ ఊరు ఏ ప్రాజెక్టు పరిధిలోనైనా ఉన్నదా, ఇప్పుడు దాని స్థితి ఏమిటి అన్నది ముందుగా జిల్లా వాటర్‌షెడ్ కార్యాలయంలో అడగండి. లేకపోతే కాంటూరు కందకాలు (వాలుకు అడ్డంగా తవ్వేవి), గట్లు, గెడ్డ ఒడ్డున మొక్కల పెంపకం ఉపాధి పనుల ప్రణాళికలో చేర్పించవచ్చు.

రసాయన ఎరువులు మాని సేంద్రియ సాగుకు మారదలచిన రైతులు సమూహంగా ఏర్పడితే పరంపరాగత్ కృషి వికాస్ యోజన కింద మూడేళ్లకు హెక్టారుకు 31,500 రూపాయల సాయం ఉంటుంది. అందులో 15,000 నేరుగా రైతు ఖాతాలో పడుతుంది. శ్రీకాకుళంలోని చుట్టాలు చెప్పే ప్రకృతి వ్యవసాయ పథకం ఆంధ్ర ప్రభుత్వానిది, ఒడిశా పట్టాలకు అది వర్తించదు. ఊరి మురుగునీటికి స్వచ్ఛభారత్ గ్రామీణ్ రెండో దశలో, 5,000 లోపు జనాభా గల ఊళ్లకు తలకు 280 రూపాయల వరకు ఉన్నది. చిన్న మొత్తమే, కానీ ఇంకుడు గుంతలకు పనికివస్తుంది.

మరొక సభ్యుని మాట (పర్లాకిమిడి నుంచి):
గట్ల మీద వట్టివేరు నాటించండి. లేత పిలకలను పశువులు మేసేస్తాయి గనుక, మొదటి ఏడాది కాపలా ఎవరిదో ముందే తేల్చుకోవాలి. ఆ ఖర్చు ఏ అంచనాలోనూ ఎవరూ రాయరు!

ప్రశ్నకర్త:
చాలా ఉపయోగపడిందండి. ఇక తీర్మానం ఎలా రాయించాలి?

సమాధానం (రాయగడ నుంచి):
ముందు పల్లీసభలో (ఊరి స్థాయి సభ), తరువాత పంచాయతీ స్థాయి గ్రామసభలో పెట్టించాలి. "గెడ్డ ఒడ్డున గట్లు వేయాలి" అని మాత్రమే రాస్తే అంచనా వేసే ఇంజనీరు దానిని పక్కన పెట్టేస్తారు. ఏ భూమి ఖాతా, ఏ ప్లాటు నుంచి ఏ ప్లాటు దాకా, ఎన్ని మీటర్లు, వాలు ఎటువైపు అన్నది ఒడియాలో రాయించి, చేతి నక్షా జతచేయండి. అటవీ హక్కు పత్రం ఉన్నవారి భూములను విడిగా చూపండి; అడవి భూమిలోకి పోయే కందకానికి మాత్రం అటవీ శాఖ అనుమతి కావాలి. తీర్మానం నకలు మీద సర్పంచి సంతకంతోపాటు పంచాయతీ ముద్ర, తేదీ ఉన్నాయో లేదో అక్కడే చూసుకుని తీసుకోండి.