బంగారు నానోకణాలకు పాలిమర్ తొడుగు అవసరమా? థయాల్ (గంధకపు కొసతో బంగారాన్ని పట్టుకునే అణువు) పూత చాలదా?

గాజుకుప్పె:
సిట్రేటుతో చేసిన 13 నానోమీటర్ల బంగారు ద్రావణంలో చిటికెడు ఉప్పు వేసి చూడండి. కెంపు రంగు చూస్తుండగానే ఊదాకు, ఆపై నీలానికి తిరుగుతుంది. కణాలు ఒకదానికొకటి అతుక్కుపోయాయన్నమాట. దీన్ని ఆపడానికి థయాల్ తోక ఉన్న పాలిథిలీన్ గ్లైకాల్ కలిపి ఒక రాత్రి వదిలేస్తే సరిపోతుంది. ఇంత సులువైన దారి ఉండగా, నీరంటే ఇష్టపడే ముక్కా గిట్టని ముక్కా ఒకే గొలుసులో ఉండి, నీటిలో స్వయంగా గుంపుకట్టి మైసెల్ అనే ఉండగా అమరే బ్లాక్ కోపాలిమర్ కోసం తంటాలు దేనికి? నాకైతే ఆడంబరంగానే కనిపిస్తోంది.

మైసెల్ పక్షం:
ఆ కణాలను జీవకణంలోకి పంపితే తెలుస్తుంది. అక్కడ గ్లూటథయోన్ అనే సహజ అణువు 1 నుంచి 10 మిల్లీమోలార్ల దాకా ఉంటుంది. అదీ థయాలే కదా! మీ పూతను మెల్లగా ఊడబెరికి ఆ చోట తాను కూర్చుంటుంది. పాలీస్టైరీన్–పాలీఅక్రిలిక్ ఆమ్లం తొడుగు సంగతి వేరు. డైమిథైల్ ఫార్మమైడ్‌లో ఆ పాలిమర్‌నూ, నీరంటే గిట్టని పూత వేసిన బంగారాన్నీ కలిపి, నీళ్లు చుక్కచుక్కగా వదలాలి. పాలీస్టైరీన్ భాగం నీటికి జడిసి కణం చుట్టూ ముడుచుకుంటుంది, ఆమ్ల భాగం నీటివైపు తిరుగుతుంది.

సందేహం:
స్వయంగా అమరినది స్వయంగా విడిపోదా? సబ్బు మైసెల్‌లు పలచబరిస్తే చెదిరిపోతాయి కదండీ.

మైసెల్ పక్షం:
సబ్బుకు నిజమే. పాలీస్టైరీన్ మాత్రం సుమారు 100 డిగ్రీల సెల్సియస్ దాకా గాజులా బిగిసే ఉంటుంది. అదీ చాలదనుకుంటే ఆమ్ల గొలుసులను డైఅమీన్‌తో ఒకదానికొకటి ముడివేయవచ్చు.

గాజుకుప్పె:
చుక్కచుక్కగా అన్నారు చూడండి, చిక్కంతా అక్కడే. పాలిమర్ తక్కువైతే ఒకే తొడుగులో నాలుగైదు కణాలు ఇరుక్కుంటాయి. ఎక్కువైతే లోపల ఏమీ లేని ఉత్త మైసెల్‌లు.

మైసెల్ పక్షం:
ఉత్తవాటితో పేచీ లేదు. బంగారం బరువు కాబట్టి సెంట్రిఫ్యూజ్‌లో అడుగుకు దిగుతుంది, అవి పైనే తేలుతాయి. తక్కువైనప్పటి మాట ఒప్పుకుంటాను, పాళ్లు కుదిరేదాకా ఓపిక పట్టాల్సిందే.

ఉత్ప్రేరకం:
మీ ఇద్దరూ స్థిరత్వం దగ్గరే ఆగిపోయారు. నాకు కావలసింది లోహపు ఉపరితలం. బంగారం ఉత్ప్రేరకంగా, బోరోహైడ్రైడ్ అనే క్షయకరణితో 4-నైట్రోఫినాల్ పసుపు పోగొట్టాలంటే ఆ అణువు బంగారాన్ని తాకాలి. దట్టమైన పాలీస్టైరీన్ పొర దాన్ని గుమ్మంలోనే నిలిపేస్తుంది. తొడుగు ఎంత గట్టిదైతే నాకు అంత నష్టం.

గాజుకుప్పె:
నా వాదన మీరే గెలిపించారు. అయితే రామన్ గుర్తుల (లేజర్ కాంతిని వెదజల్లే తీరును బట్టి ఆచూకీ పట్టే కణాల) విషయంలో తగ్గుతాను. రంగు అణువును తొడుగు కింద బంధించి కణంతో పాటు తిప్పాలంటే నా పూత అంత నమ్మదగినది కాదు.