అప్‌డేట్: అమ్మతో నాగార్జునకొండ వెళ్లొచ్చాం

మోకాళ్ల నొప్పులున్న అమ్మను గుంటూరు నుంచి నాగార్జునకొండకు తీసుకెళ్లి అదే రాత్రి తిరిగి రాగలమా అని అడిగాను కదా, రాగలం. కాకపోతే తెల్లవారకముందే బయలుదేరాలి. సత్తెనపల్లి, పిడుగురాళ్ల, మాచర్ల మీదుగా కారులో వెళ్లాం, దారంతా మిరప చేలే.

విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కేటప్పుడు అమ్మకు చెయ్యి అందిస్తే చాలు, ఆ టెన్షన్ వద్దు. నాగార్జునకొండ సాగర్ జలాశయం మధ్యలో ఉన్న ద్వీపం, దాని మీద మాత్రం నడక ఉంది, మధ్యమధ్యలో కూర్చుంటూ నెమ్మదిగా వెళ్లాం. మనం దాటే ఆ నీళ్ల కిందే ఒకప్పుడు ఆంధ్రను ఏలిన ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి ఉందని తెలిసి చూస్తే సాగర్ వేరేగా కనిపిస్తుంది. 1955లో డ్యామ్‌కు శంకుస్థాపన జరిగింది, లోయ మునిగేలోపే తవ్వకాలు జరిపి ముఖ్యమైన కట్టడాలు కొన్నిటిని కొండ మీద, మరికొన్నిటిని దగ్గర్లోని అనుపు అనే చోట మళ్లీ కట్టారు. మ్యూజియంలో పలనాటి సున్నపురాయి మీద చెక్కిన బుద్ధుడి కథల దగ్గర అమ్మ చాలాసేపు ఆగిపోయింది, నాకూ కదలబుద్ధి కాలేదు.

చాలామంది అనుపు వదిలేస్తారు, దయచేసి వదలకండి. మెట్ల వరుసలతో ఉన్న ఆ రంగస్థలం నాకు అన్నిటికన్నా నచ్చింది. ఎత్తిపోతల జలపాతాన్ని పైనుంచే చూశాం, అక్కడ చంద్రవంక వాగు దాదాపు 70 అడుగుల ఎత్తునుంచి పడుతుంది.

శుక్రవారం మ్యూజియానికి సెలవు, ఆ రోజు పెట్టుకోకండి. లాంచీ టైములు ముందే ఫోన్ చేసి కనుక్కోండి. సలహాలిచ్చిన అందరికీ అమ్మ తరఫున కూడా థాంక్స్ అండీ.