ఈ గామా అల మెదడుదా, దవడదా?

విజయవాడలో బీటెక్ ఫైనలియర్ ప్రాజెక్టు కోసం ఈఈజీ (తలమీద ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడు విద్యుత్ అలల్ని నమోదు చేయడం) తీస్తున్నాం. బెంజ్ సర్కిల్ దగ్గర రూములో మా తమ్ముణ్ణి కూర్చోబెట్టి కళ్లు మూయమంటే 10 హెర్ట్జ్ (సెకనుకు పదిసార్లు ఊగే) ఆల్ఫా అల చక్కగా వచ్చింది. టీ గ్లాసు అందుకోబోతుంటే, చెయ్యి కదలకముందే 20 హెర్ట్జ్ దగ్గరి బీటా అల తగ్గి, పట్టుకున్నాక మళ్లీ లేచింది. ఇంతవరకు పుస్తకంలో ఉన్నట్టే.

నా గొడవంతా 30 హెర్ట్జ్ పైనుండే గామాతో. నెమ్మదిగా సాగే థీటా అల ఒక దశకు వచ్చినప్పుడల్లా గామా బలం పెరుగుతున్నట్టుంది. కానీ వాడు పళ్లు బిగించినా పెరుగుతోంది! పైగా 50 హెర్ట్జ్ కరెంటు రొద సరిగ్గా అక్కడే. ఆ రొద తగ్గాలని ఫ్యాన్ ఆపితే చెమటకి గ్రాఫంతా ఊగిపోతోంది.

ఈ థీటా-గామా జోడీ మెదడుదో, దవడ కండరాలదో తేల్చుకోవడం ఎలాగండీ? చేసినవాళ్లుంటే చెప్పండి, వైవా వచ్చే వారమే.